గుక్కెడు గంజికి గౌరి వాకిట నిలిచిన కథ

ఈ కథ వినువారు కుడిచేత అక్షతలు పట్టుకొని, వీధి తలుపు బార్లా తీసియుంచి, దానికి ఎదురుగా కూర్చుండవలెను. పసిపిల్లలున్నవారు వారిని ఒడిలో పెట్టుకొనవలెను. మధ్యలో పిల్ల ఏడ్చినచో కథ ఆపి, పాలిచ్చి, ఊరుకున్న తరువాత మరల వినవలెను. పిల్లను కసరి విన్నవారికి ఫలము లేదు.

పూర్వమొకానొకప్పుడు నాగావళీ తీరమున చిరంతనుడను వృద్ధముని ఆశ్రమము కట్టుకొని యుండెను. శాలీనుడను ముని యాత్రలు చేసి తిరిగివచ్చుచు ఆ ఆశ్రమమున దిగెను. కాళ్ళు కడిగికొనెను గాని ఫలహారము ముట్టక, దిగులుగా కూర్చుండెను. చిరంతనుడు కారణమడుగగా అతడిట్లు చెప్పెను:

"స్వామీ, సంపదకు నోములున్నవి, సంతానమునకు నోములున్నవి, మాంగల్యమునకు నోములున్నవి. నేను వచ్చు దారిలో కరవు సోకిన పల్లె ఒకటి తగిలినది. అక్కడ ఒక తల్లి తన బిడ్డను పూడ్చిన గుంట దగ్గర కూర్చుండి, ఎవరు లేపినను లేవకున్నది. ఆమె నన్ను చూచి, 'అయ్యా, దేవుళ్ళకి కడుపుకోతంటే తెలుసా?' అని అడిగినది. తలవంచుకొని వచ్చితిని. అది తెలిసిన దేవత ఎవరైనా కలరా? కలరేని ఆ దేవతకు చేయదగిన వ్రతమేదో చెప్పవలెను."

చిరంతనుడు అతనిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "కలదు నాయనా. ఆమె ఎట్లు తెలిసికొనెనో చెప్పెదను. విన్నందున నీకు సంతోషము కలుగదు. అయినను వినుము" అని ఇట్లు చెప్పసాగెను.

ఒకనాడు కైలాసమున గౌరీదేవి పరమేశ్వరుని సన్నిధిని కూర్చుండగా, భూలోకమునుండి ఏడుపు వినవచ్చెను. అది ఒకరి ఏడుపు కాదు. ఊళ్ళకు ఊళ్ళే ఏడ్చుచున్నట్లుండెను. గౌరి చెవియొగ్గి విని, "స్వామీ, అది ఏమి ఏడుపు?" అని అడిగెను.

"ఆకలి" అని పరమేశ్వరుడు చెప్పెను.

"ఆకలి యనగా నేమి?"

పరమేశ్వరుడు, "దేవీ, నేనును భిక్షాపాత్ర పట్టి తిరిగినవాడనే. కాని ఆకలిగొని తిరుగలేదు. దానిని మాటలతో చెప్పుట నాకు చేతగాదు" అనెను.

గౌరీదేవి తాను పోయి తెలిసికొని వచ్చెదననెను. అందుకు పరమేశ్వరుడు, "నీవు గౌరివై పోయినచో నీ వెంట అన్నపురాసులు నడచివచ్చును. తెలిసికొనవలెనన్న నీవెవరవో నీవే మరచి, మానవకాంతవై పుట్టవలెను. తన కడుపు నిండకమునుపే తన గంజి నీకు పోయునది ఎవతెయో, ఆమె చేతి గుక్క నీ గొంతు దిగిననాడు నీకు మరపు వీడును. అందాక నిన్ను చూచుచుండుట తప్ప నేను చేయగలిగినది లేదు. ఆలోచించుకొనుము" అని హెచ్చరించెను.

గౌరీదేవి ఆలోచించుకొనలేదు. సరే యనెను.

అంతట ఆమె సముద్రపుటొడ్డున ఉప్పుమళ్ళు చేసికొని బ్రతుకువారి ఇంట ఆడపిల్లయై పుట్టెను. తల్లిదండ్రులామెకు అచ్చి యని పేరు పెట్టిరి. ఆమె నడక నేర్చిననాటినుండి ఉప్పులోనే తిరిగెను. ఎండలో మళ్ళకు నీరు పెట్టుట, తెల్లబారిన ఉప్పును చెక్కతో దగ్గరకు లాగుట, గంపల కెత్తుట ఆమె పని. అరికాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పు దూరి మండుచుండెను. అందరికాళ్ళును అట్లే మండుచుండెను గనుక అది బాధయని ఆమె యెరుగదు.

ఈడు వచ్చిన పిమ్మట ఆమెను గంగులనువాని కిచ్చి పెండ్లి చేసిరి. గంగులు మాటకారి కాడు. కాని మళ్ళనుండి రాగానే భార్య కాళ్ళకు ఆముదము రాసి, పిదప తన కాళ్ళు చూచుకొనెడివాడు. వారికి మొదటి కాన్పున మగబిడ్డ పుట్టి పురిటిలోనే పోయెను. రెండవ బిడ్డ పాకుట నేర్చి, జ్వరము తగిలి పోయెను. మూడవమారు ఆడపిల్ల పుట్టగా, పెద్దలు చెప్పినట్లు ఆ బిడ్డను పొరుగింటి ముసలమ్మ చేతిలో పెట్టి, గుప్పెడు తవుడు ఆమెకిచ్చి మరల కొనుక్కొనిరి. తవుడు పోసి కొన్న పిల్ల యన్నచో మృత్యువు దానిని లెక్కచేయదని వారి నమ్మకము. అందుచేత ఆ పిల్లకు తవిటి యని పేరు పెట్టిరి. తవిటి బ్రతికెను. దానికి రెండేండ్లు నిండెను. ఆ రెండేండ్లు అచ్చి సుఖపడెను.

అటుపిమ్మట కార్తికమాసమున ఒక మధ్యాహ్నము ఆకాశము ఇత్తడివలె మారి, గాలి లేచి, సముద్రము గట్టు దాటి వచ్చెను. గంగులు భార్యాబిడ్డలను తాటిచెట్టెక్కించి, తన తలగుడ్డతో మానుకు కట్టెను. తనను కట్టుకొనుటకు గుడ్డ లేకపోయెను. నీరు నడుముదాక, మెడదాక వచ్చినది.

"మామా, నా చెయ్యి పట్టుకో! నా చెయ్యి పట్టుకో!" అని అచ్చి కేకలు పెట్టెను.

"చెయ్యి పిల్లకి కావాల. నన్ను చూడకు అచ్చీ, పిల్లను చూడు" అని గంగులు చెప్పెను. ఆమె పిల్లను చూచి మరల క్రిందికి చూచునంతలో అతడు లేడు.

నీరు తీసినపిమ్మట ఊరు లేదు. ఉప్పుమళ్ళు లేవు. బావులన్నియు ఉప్పుబారినవి. మిగిలినవారు మూడునాళ్ళు తాటిటెంకలు పగులగొట్టి లోని గుంజు నమలి, నాలుగవనాడు పడమర దిక్కుగా నడచిరి. దారిలో ఒక్కొక్కరే కూలిరి. చివరకు అచ్చి ఒంటరిగా, బిడ్డను భుజమున వేసికొని నడచెను. తిండి లేనందున ఆమెకు పాలు ఇంకిపోయెను. తవిటి చనుమొన నోట పెట్టుకొని, ఏమియు రాక, తల్లి ముఖమువంక చూచెడిది. ఆ చూపుకు అచ్చి ముఖము తిప్పుకొనెడిది.

ఆమె చిన్ననాటినుండి నమ్మిన దేవత గౌరమ్మయే. అందుచేత అడుగడుగున, "గౌరమ్మ తల్లీ, మొగుణ్ణి తీసుకున్నావు, ఇద్దరు బిడ్డల్ని తీసుకున్నావు. ఇదొక్కర్తినీ నాకుంచు తల్లీ. నీకు జన్మజన్మలకీ చాకిరీ చేస్తాను" అని మొక్కుచు నడచెను. ఆ మొర వినవలసిన దేవత కైలాసమున లేదు. మొక్కునదియు, మొక్కించుకొనవలసినదియు ఆ దుమ్ముదారిలో ఒక్కతెయే నడచుచుండెను. పరమేశ్వరుడు విని, తల వంచుకొనెను.

మార్గశిర శుద్ధ తదియనాటి ఉదయమున ఆమె మణిమంతపురమను పట్టణమును చేరెను. ఆనాడు పట్టణమందలి స్త్రీలందరును గౌరీపూజ చేయుచుండిరి. ప్రతి ఇంట పసుపుముద్దతో గౌరమ్మను చేసి, పీటపై నిలిపి, పూలు వేయుచుండిరి. నేతిలో వేగు పిండివంటల వాసన వీధినిండ కమ్ముకొనెను. ఆ వాసనకు తవిటి తల యెత్తి చూచెను. తల్లి ఎంతో సంతోషించెను. పిల్ల తల యెత్తి అప్పటికి రెండునాళ్ళాయెను.

మొదటి ఇల్లు రత్నగుప్తుడను వర్తకునిది. ఆతని భార్య విశాలాక్షి పట్టుచీర కట్టుకొని పూజకు కూర్చుండి యుండెను. అచ్చి గడప దగ్గర నిలిచి, "అమ్మా, పిల్ల గుక్కెడు గంజికి వచ్చిందమ్మా. నాకొద్దు, దీనికి పొయ్యండి చాలు" అని వేడుకొనెను.

విశాలాక్షి చెడ్డది కాదు. వెనుదిరిగి చూచి, "అయ్యో, ఇంకా గౌరమ్మకు నైవేద్యం కాలేదే! అమ్మవారు తినకుండా ఎవరికీ పెట్టకూడదు. పూజయ్యాక రా, కడుపునిండా పెడతాను" అని చెప్పి, పసుపుముద్దపై మరొక పూవు వేసెను.

రెండవ ఇంట పూజ ముగిసియుండెను. కాని ఆ ఇంటివారు, ప్రసాదము స్నానము చేసినవారికే గాని దుమ్ముకాళ్ళతో వచ్చినవారికి పెట్టుట తగదనిరి. ఏటికి పోయి మునిగి రమ్మనిరి. ఏరు ఆమడదూరమున నుండెను.

మూడవ ఇంట ఒక చిన్నకోడలు పిల్ల ముఖము చూచి ఓర్వలేక, ఎవరికిని చెప్పక గరిటెతో అన్నము తెచ్చెను. అది అచ్చి చాచిన కొంగులో పడబోవునంతలో అత్తగారు చూచి, "ఏమే, ముత్తైదువులింకా విస్తళ్ళ ముందు కూర్చోలేదు, బోసిమెడదాని కొంగులో తొలి అన్నం పోస్తావా? నీ పసుపుకుంకాలు నీకు బరువయ్యాయా?" అని కేకవేసెను. కోడలు భయపడి గరిటె వెనుకకు తీసికొనిపోయెను. రెండు మెతుకులు గడపమీద రాలెను. అచ్చి వంగి వానిని ఏరి బిడ్డ నోట పెట్టెను. బిడ్డ నమలలేదు.

ఈచోట కథ చదువువారు ఆగవలెను. ఇంటివారిలో ఒకరు లేచి, వాకిట ఎవరైనా నిలిచియున్నారేమో చూచి రావలెను. ఉన్నచో కథ అంతటితో ఆపి, వారికి పెట్టిన తరువాతనే ముందుకు చదువవలెను.

ఊరిచివర రావులమ్మ యను విధవరాలు ఒంటరిగా నివసించుచుండెను. ఇంటింటికి పోయి వడ్లు దంచి, చేటలో మిగిలిన నూకలు కూలిగా తెచ్చుకొనుట ఆమె జీవనము. పండుగ పనులలో పడి ఇంటివారు ఆమెకు రెండునాళ్ళుగా కూలి ఇయ్యలేదు. ఆనాడు దొరికిన దోసెడు నూకలతో జావ కాచుకొని, ముంతలో పోసికొని, నోటికెత్తబోవుచు, వాకిటిలో తూలుచు పోవుచున్న అచ్చిని చూచెను.

"ఓయమ్మా! ఎండలో ఎక్కడికి పోతావు? ఇలా నీడకి రా" అని పిలిచి కూర్చుండబెట్టి, ముంత ఆమె చేతిలో పెట్టెను. "ఇంతే ఉంది. తాగు."

అచ్చి ముంతను బిడ్డ నోటికి తీసికొనిపోయి, "ముందు దీనికమ్మా. పొద్దుటి నుంచీ ఏడవడం కూడా మానేసింది" అనెను.

రావులమ్మ పిల్ల చెక్కిలిపై చేయి వేసెను. ఎందరినో పోగొట్టుకొన్న మనిషి గనుక, చేయి వేయగానే తెలిసికొనెను. ఆ సంగతి పైకి చెప్పక, "పడుకుందిలే తల్లీ, లేపకు. పిల్లని నాకియ్యి, నేనెత్తుకుంటాను. నువ్వు తాగు. నువ్వు తాగితేనే గదా దానికి పాలొచ్చేది" అనెను.

ఆ మాట న్యాయముగా తోచి అచ్చి బిడ్డనిచ్చి, ముంత యెత్తి ఒక గుక్క త్రాగెను. ఆ గుక్క గొంతు దిగెను. దిగినంతనే మరపు వీడెను.

తాను గౌరినని ఆమెకు తెలిసెను. కైలాసము తెలిసెను. సమస్త జీవుల పుట్టుకలు, చావులు తెలిసెను. అందుచేత బిడ్డ మూడవ వాకిట, మెతుకులు నోట పెట్టినప్పుడే పోయినదనియు తెలిసెను. మనుష్యకాంత యైనచో మరికొంతసేపు బిడ్డ నిద్రించుచున్నదని నమ్మియుండెడిది. దేవత గనుక ఆమెకు ఆ కొంతసేపును దక్కలేదు.

ముంత చేతినుండి జారెను. ఆమె పెట్టిన కేకకు పట్టణమందలి ప్రతి ఇంట పసుపుగౌరమ్మలు నిలువున పగిలెను.

పరమేశ్వరుడు ఆమె యెదుట నిలిచెను. గౌరీదేవి బిడ్డను ఆయన పాదములపై ఉంచి, "స్వామీ, మృత్యువును గెలిచినవారు మీరు. దీనిని లేపుడు. నేనెన్నడును మిమ్ము ఏమియు కోరలేదు" అనెను.

"లేపగలను" అని పరమేశ్వరుడు చెప్పెను. "నీవు చెప్పుము, లేపెదను. కాని దేవీ, ఆ ఉప్పెనలోను, ఆ దారిలోను ఎందరు తల్లులు నిన్ను పిలిచిరో నేను వింటిని. వారి బిడ్డలును ఈ బిడ్డవంటివారే. వారు రేపు వచ్చి, నీ బిడ్డ లేచినదే, మా బిడ్డలు లేవలేదేమని అడిగినచో నీవు ఏమి చెప్పుదువో అదియు నాకు చెప్పుము."

గౌరీదేవి బిడ్డ ముఖము చూచెను. ఆయన ముఖము చూచెను. ఎండ వాలువరకు బిడ్డ కాళ్ళకంటిన దుమ్ము తుడుచుచుండెను. తరువాత, "చెప్పలేను" అని, బిడ్డను మరల ఒడిలోనికి తీసికొనెను.

ఆమె తానే స్వయముగా ఇసుకలో గుంట త్రవ్వెను. రావులమ్మ సాయము పట్టెను. దేవతలు దిగివచ్చి పూలు చల్లబోగా గౌరి వలదనెను. తన కొంగు చించి బిడ్డకు కప్పి, చేతులతో ఇసుక త్రోసెను. లోకములను కన్నతల్లి చేతులు ఆ పని చేయుట చూడలేక సూర్యుడు మబ్బు చాటున దాగెను.

పిమ్మట ఆమె రావులమ్మను చూచి, వరము కోరుకొమ్మనెను. రావులమ్మకు అప్పటికి ఆమె ఎవరో తెలిసినది. అయినను మ్రొక్కలేదు, బెదరలేదు. కన్నీరు తుడుచుకొని, "వరాలు నాకెందుకమ్మా? నువ్వు కొంచెం ముందుగా మా వాకిటికి రావలసింది. మొదటే ఇటు వస్తే పిల్ల దక్కేది" అనెను.

"ఎటు రావలెనో నాకు తెలియలేదమ్మా" అని గౌరి అనెను.

"అయితే ఒకటియ్యి. ఆకలితో వచ్చిన పిల్ల నా వాకిట్లోంచి ఒట్టి నోటితో పోకుండా, నా కుండలో జావ ఉండనీ."

గౌరీదేవి అట్లే యని వరమిచ్చి, "ఈ తదియనాడు నన్ను తలచువారు ముందుగా ఆకలిగొన్నవారికి పెట్టి, ఆ తరువాతనే నాకు పెట్టవలెను. నాకు ముందు పెట్టిన నైవేద్యమును నేను ముట్టను. నా బిడ్డ ఆ నైవేద్యము కొరకు ఎదురుచూచి పోయినది" అని చెప్పి కైలాసమునకు పోయెను.

అక్కడ విశాలాక్షి ఇంట మరునాటినుండి ఏమి వండినను ఉప్పు కషాయమై నోట పెట్టరాకుండెను. నీరు మార్చిరి, కుండలు మార్చిరి, వంటవారిని మార్చిరి. ఉప్పు వేయకున్నను ఉప్పే. గాదెలలో ధాన్యము చెమ్మగిలి బూజుపట్టెను. రత్నగుప్తుని ఓడలు తిరిగిరాలేదు. అతడు వానిని వెదకుచు దేశాంతరము పోయెను. బంధువులు మొగము చాటువేసిరి. గౌరీదేవి ఆమెను శపింపలేదు. ఆ ఇంటి పిల్లలకు ఏ కీడును రానీయలేదు. కాని ఆకలిగొన్న బిడ్డ తిరిగిపోయిన గడపను దాటి లక్ష్మి లోనికి రాదు.

ఏడాది తిరుగకమునుపే విశాలాక్షి ఇంట వండినది తినరాక, పిల్లలను వెంటబెట్టుకొని తిరిపెమెత్తుచు ఊరిచివరకు వచ్చెను. రావులమ్మ పిల్లలకు ముందు పోసి, ఆమెకును జావ పోసెను. విశాలాక్షి ఒక గుక్క త్రాగి ఆశ్చర్యపడి, "ఇందులో ఉప్పు కషాయం లేదే! ఏం నోచావమ్మా నువ్వు?" అని అడిగెను.

రావులమ్మ తవిటి సంగతియు, గౌరి చెప్పిన తదియనోమును చెప్పెను. వినుచుండగానే విశాలాక్షి చేతిలోని ముంత క్రింద పెట్టెను.

"మా ఇంటికే వచ్చింది. పూజయ్యాక రా అన్నాను నేను. పీట మీద గౌరమ్మకి పూలు వేస్తూ అన్నాను" అని గుండెలు బాదుకొనెను.

"ఆ పీట ముందు కూర్చున్నప్పుడు గుమ్మంలో ఉన్నదెవరో నీకు తెలియదు గదమ్మా."

"తెలిస్తే పెట్టేదాన్ని. తెలియకపోతే పెట్టనా? అదే గదా నా పాపం!" అని విశాలాక్షి ఆ ఇసుకగుంట దగ్గరకు పోయి పడి ఏడ్చెను.

తదియ రాగానే ఆమె అప్పటికి మిగిలిన నగలను వెచ్చించి ఘనముగా నోము పట్టెను. ఊరివారందరిని పిలిచెను. కాని అలవాటుచేత నైవేద్యము పీటముందు పెట్టి హారతి ఇచ్చి, వచ్చిన ఆకలిగొన్నవారిని వాకిటనే నిలిపియుంచెను. వండిన పదార్థములన్నియు మరల ఉప్పు కషాయమై, విస్తళ్ళముందునుండి జనులు లేచిపోయిరి. ఉన్న ఇల్లును చేజారెను.

మరుసటి ఏట ఆమెయొద్ద ఏమియు లేకుండెను. రావులమ్మతోపాటు వడ్లు దంచి, దోసెడు నూకలు తెచ్చి, జావ కాచి, తాను ఉపవాసముండి వాకిట కూర్చుండెను. మధ్యాహ్నము దాటినపిమ్మట జడలుగట్టిన తలతో, బిడ్డను చంకనెత్తుకొని ఒక ఆడుది వచ్చెను. విశాలాక్షి ఆమె ఊరు, పేరు, కులము అడుగలేదు. బిడ్డకు తానే పోసి, తల్లికి పోసి, ముంత అడుగున మిగిలిన గుక్కెడు పసుపుగౌరమ్మ ముందు పెట్టెను. అది తీయగా నుండెను. అనతికాలముననే రత్నగుప్తుడు తిరిగివచ్చెను. గాదెలు నిండెను. కోల్పోయిన ఇల్లు తిరిగి వారిదాయెను. కాని విశాలాక్షి బ్రతికినంతకాలము తన విస్తరిలో ఉప్పు వేయించుకొనలేదు. పిండివంటలు వేగు వాసన వచ్చినప్పుడెల్ల లేచి వాకిటికి పోయి చూచి వచ్చెడిది.

శాలీనుడు ఇదంతయు విని, "స్వామీ, కైలాసమునకు పోయిన గౌరీదేవికి దుఃఖము తీరెనా?" అని అడిగెను.

"తీరలేదు నాయనా" అని చిరంతనుడు చెప్పెను. "భూలోకమున నుండగా ఆమె కైలాసమును మరచెను. కైలాసమున నుండి భూలోకమును మరచుటకు మాత్రము ఆమెకు వీలు కలుగలేదు. అమృతము త్రాగినను ఆమెకు ఆ జావయే జ్ఞప్తికి వచ్చును. అందుచేత బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఎక్కడ ఏడ్చినను, ఆమెను ఓదార్చుటకు గౌరికి మాటలు రావు. ప్రక్కన కూర్చుండును. అంతే."

ఈ నోమును సుమంగళులు నోచవచ్చును, విధవలు నోచవచ్చును, పెండ్లికాని కన్యలు నోచవచ్చును. బిడ్డలు గలవారు, లేనివారు, ఉండి పోగొట్టుకొన్నవారు నోచవచ్చును. పురుషులును నోచవచ్చును. మార్గశిర శుద్ధ తదియనాడు పసుపుగౌరమ్మను చేసి, ప్రక్కన గుప్పెడు తవుడు పోసి, నూకల జావ కాచవలెను. పట్టుబట్టలతో పనిలేదు. ఉద్యాపనమునకు కానుకలు లేవు.

నోచినవారి పొయ్యి ఆరదు, గాదె తరుగదు, దేశాంతరము పోయినవారు తిరిగివత్తురు, అన్నము రుచి తప్పదు. పోయిన బిడ్డ ఈ నోమువలన తిరిగిరాదు. అట్లు వచ్చునని చెప్పినవాని మాట నమ్మవలదు. కాని ఆకలితో పోవలసిన మరొక బిడ్డ వీరి చేతిమీదుగా నిలుచును.

ఇంటివారిలో ఎవరును విస్తరిముందు కూర్చుండకమునుపే, జావ ముంత తీసికొని వాకిట కూర్చుండవలెను. ఎవరును రాకున్నచో, వచ్చువరకు కూర్చుండవలెను.